తెలుగు రాని సారు

ట్యూషన్లు చెప్పుకుని బతికినవాడి అనుభవాలు ఎవరికి కావాలని చాలాకాలం ఊరుకున్నాను. ఇప్పుడు హాలియాలో సందుకొక ట్యూషన్ ఉంది. వాటిలో ఎక్కువ భాగం బీఎడ్ పూర్తిచేసి, డీఎస్సీ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్న కుర్రవాళ్లు నడుపుతున్నవే. ఇది మీ కోసం రాస్తున్నాను. నేనూ ఒకప్పుడు మీలాగే ఎదురుచూశాను. ఉద్యోగం వచ్చేదాకా అనుకున్న పనే నా ఉద్యోగమైంది, తర్వాత అదీ పోయింది. ఇప్పుడు ఒక రైసు మిల్లులో గుమాస్తాగా ఉన్నాను. రాయబోయే సంగతిలో నాకు ఇప్పటికీ విడని ముడులు కొన్ని ఉన్నాయి. అవి విప్పి చూపిస్తానని మాట ఇవ్వలేను. జరిగింది జరిగినట్టు చెప్పగలను, అంతే.

తెలంగాణ వచ్చిన కొత్తలో మెయిన్ రోడ్డు వెనక ఒక పటేలు ఇంట్లో రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. ఒక గదిలో నేను ఇంగ్లీషు, పక్క గదిలో నా స్నేహితుడు లెక్కలు. తొమ్మిది, పది తరగతుల పిల్లలు వచ్చేవారు. కాలువ కింద వరి పండించేవాళ్ల పిల్లలు, కిరాణా కొట్లవాళ్ల పిల్లలు, గొర్లు కాసే ఇళ్ల పిల్లలు. లెక్కలకు ఎవరైనా దొరుకుతారు, ఇంగ్లీషుకు పేరు రావాలంటే ఏదో ఒక ప్రత్యేకత ఉండాలి. నేనొకటి కనిపెట్టాను. నా గదిలోకి అడుగుపెడితే నాకు తెలుగు రాదు. అంతే.

ఎవరైనా తెలుగులో మాట్లాడితే చెవికి చెయ్యి అడ్డం పెట్టి, కళ్లు చిట్లించి, చెవిటివాడిలా వంగేవాణ్ని. పిల్లలు పగలబడి నవ్వేవారు. ఇంగ్లీషులో చెప్పేదాకా నాకు వినబడేది కాదు. మంచినీళ్లు కావాలన్నా, కడుపునొప్పి వచ్చినా, పక్కవాడు గిల్లినా సరే. మాట రాకపోతే సైగలు చేసేవారు, ఆ సైగకు నేను మాట అందించేవాణ్ని. అలా నిజంగానే కొంత నేర్చుకున్నారు. ఇందులో నేను పూర్తిగా మోసం చేశానని ఇప్పుడు కూడా అనుకోను.

నా స్నేహితుడు మాత్రం గోడ అవతలి నుంచి ఎగతాళి చేసేవాడు. "ఏమన్న క్లాసా అది? నోర్లకన్న చేతులే ఎక్కువ మాట్లాడ్తయ్ గదనే" అనేవాడు. టీ తాగేటప్పుడు కావాలని చెవికి చెయ్యి పెట్టి, "వాట్? చాయా? ఐ డోంట్ నో చాయ్" అని నన్ను ఏడిపించేవాడు.

తల్లిదండ్రులకు మాత్రం ఈ పద్ధతి తెగ నచ్చింది. బజారులో నన్ను పేరుతో ఎవరూ పిలిచేవారు కాదు. "తెలుగు రాని సారు" అనేవారు. అది బిరుదనుకుని మురిసిపోయాను.

అందరికంటే ఎక్కువ మురిసింది ఒక గొర్లకాపరి. ఆయన పెద్దబిడ్డ పదో తరగతి. చదివితే బాగా చదివేది, మాట్లాడమంటే మాత్రం గొంతు పెగిలేది కాదు. ఆయన గొంగడి భుజాన వేసుకుని, కర్ర కింద ఆనించి, మా కిటికీ అవతల నిలబడి బిడ్డ గొంతు కోసం చెవి ఒగ్గేవాడు. ఒకరోజు క్లాసయ్యాక నన్ను ఆపాడు.

"సారూ, నా పిల్ల ఏమన్న అంటాందా ఇంగ్లీషుల?"

"అంటుంది అన్నా. కొంచెం భయపడుతుంది."

"తెలుగుల అంటే ఇనకు సారూ. జర్రంత గూడ ఇనకు. నేను గొర్లతోని మాట్లాడి మాట్లాడి గిట్లనే అయిన. అది గట్ల గావద్దు."

నాకు నవ్వొచ్చింది. "సరే, వినను" అన్నాను. ఈ మాట ఆయన నోటితో ఆయనే అన్నాడని ఇక్కడ రాయడం నా తప్పు ఆయన మీదికి నెట్టడానికి కాదు. అయినా రాశాక చదువుకుంటే అలాగే కనబడుతోంది. ఉండనివ్వండి.

ఇక ఆ రోజు సంగతి. పత్తి ఏరడం అయిపోవచ్చిన కాలం. మా వైపు ఒక అలవాటు ఉంది. చివరి ఏరుడు అయ్యాక రైతు గొర్లకాపరిని పిలిచి చేను మేపుకోమంటాడు. మిగిలిన ఆకు, పచ్చికాయ గొర్లకు మేత, గొర్ల ఎరువు చేనుకు బలం. మా ఇంటి ఓనరు పటేలు కూడా కాలువ అవతల తన పత్తిచేనులో మందను తోలుకొమ్మని ఆ గొర్లకాపరికి మాట ఇచ్చాడు. తర్వాత చేనుకు మళ్లీ పూత, కాయ వచ్చింది. ఇంకొక ఏరుడు వస్తుందని పటేలుకు ఆశ పుట్టింది. ఆ ఆదివారం తెల్లవారుజామునే పోయి చేనంతా పురుగుమందు కొట్టాడు. మందు కొట్టిన చేనుకు గట్టు మీద కట్టె పాతి ఖాళీ డబ్బా బోర్లించి పెడతారు, చూసినవాళ్లు పశువులను తోలకుండా. తొందరలో ఆ కట్టె పాతలేదు. గొర్లకాపరికి ఫోన్ చేస్తే ఆయన ఎత్తలేదు.

పరీక్షలు దగ్గర పడ్డాయని ఆదివారాలు కూడా పొద్దున క్లాసు పెట్టేవాణ్ని. పటేలు మందు పంపు బండికి కట్టుకుని ఇంటికి వచ్చేసరికి నేను గదిలో లేను. సుద్దముక్కలు అయిపోయి పక్క గదికి వెళ్లాను, అక్కడ స్నేహితుడు టీ పోస్తే వెనక వాకిట్లో కూర్చున్నాను. ఆ కొద్దిసేపట్లోనే పటేలు కిటికీలోంచి ఆ పిల్లను పిలిచి చెప్పాడు. నాకు తర్వాత తెలిసిన మాటలు ఇవి.

"ఓ పిల్లా! మీ బాపుకు చెప్పు, మా పత్తిల గొర్లను తోలొద్దని. పొద్దుగాల్నే మందు గొట్టిన. ఫోన్ ఎత్తుతలేడు. ఉరుకు, జల్ది పోయి చెప్పు."

చెప్పి ఆయన స్నానానికి పోయాడు. క్లాసు మొత్తం విన్నది. నేను గదిలోకి వచ్చేసరికి ఆ పిల్ల నిలబడి ఉంది.

ఆ రోజు పాఠం ఎవరి నాన్న చేసే పని గురించి వాళ్లు అయిదు వాక్యాలు చెప్పడం. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, లేకపోతే నేను చేసింది మరీ రాక్షసత్వంగా కనబడుతుంది. ఏమో, గుర్తుపెట్టుకున్నా అలాగే కనబడుతుందేమో.

"సార్, నేను పోవాలె. మా బాపు గొర్లను..." అన్నది.

నేను చెవికి చెయ్యి పెట్టాను. వంగాను. ఎప్పుడూ నవ్వే పిల్లలు ఆ రోజు నవ్వలేదు. అది నేను గమనించాను. గమనించి, పాత ఎత్తు పాతబడిపోయింది, కొత్తదేదైనా కనిపెట్టాలి అనుకున్నాను.

ఆ పిల్ల పెదవులు తడుపుకుంది. పక్క పిల్లలు మాటలు అందించారు. షీప్ అని ఒకరు, కాటన్ అని ఒకరు, ఫాదర్ అని ఒకరు. ఆమె ఆ ముక్కలన్నీ కూడగట్టుకుని నిదానంగా అన్నది: "సర్, మై ఫాదర్ ఈజ్ గోయింగ్ టు కాటన్ ఫీల్డ్ విత్ షీప్."

ఆమె నోట అంత పొడుగు వాక్యం నేను వినడం అదే మొదలు. నా ఒళ్లు పొంగింది. "వెరీ గుడ్!" అని చప్పట్లు కొట్టాను. అందరితో కొట్టించాను. కూర్చోమన్నాను.

ఆమె కూర్చోలేదు. "గట్ల గాదు సార్. మందు గొట్టిండ్రంట. చచ్చిపోతయ్ సార్. నేను పోయొస్త" అన్నది. ఈసారి గొంతు పెద్దగానే వచ్చింది.

ఈ మాటలు నా చెవిన పడ్డాయా? పడ్డాయి. ఇప్పుడు వాటిని అక్షరం పొల్లుపోకుండా రాయగలుగుతున్నానంటే పడ్డట్టే కదా. కానీ ఆ క్షణాన అవి నాకు మాటలుగా అందలేదు. వాటిలో తెలుగు ఉందని మాత్రమే అందింది. ఇంత మంచి వాక్యం చెప్పి మళ్లీ తెలుగులోకి జారిందేమిటని విసుగు వచ్చింది. చెయ్యి మళ్లీ చెవి దగ్గరికి పోయింది. రెండో చేత్తో కూర్చోమని సైగ చేశాను.

కూర్చుంది. సారు పొమ్మనేదాకా క్లాసులోంచి లేచి రావద్దని ఆమెకు ఇంట్లో చెప్పి ఉంచారట. మిగతా పిల్లల్లో ఒక్కరూ నోరు తెరవలేదు. వాళ్లను అనడానికి ఏముంది, వాళ్లకు నేను నేర్పిందే అది. క్లాసు మొత్తానికి తెలుసు, నాకొక్కడికే తెలియదు. ఇంకో నలుగురైదుగురు పిల్లలు తమ తండ్రుల గురించి అయిదేసి వాక్యాలు చెప్పారు. క్లాసు వదలగానే ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది.

కాలువ దాటి చేను చేరేసరికి మంద లోపలే ఉంది.

పశువుల దవాఖాన ఆదివారం మూసి ఉంటుంది. కాంపౌండర్‌ను ఇంటి నుంచి తెచ్చేసరికి చాలావరకు నురగలు కక్కి పడిపోయాయి. నేను సాయంత్రం పోయి చూశాను. ఆ పిల్ల ఒక చూలు గొర్రె తల ఒళ్లో పెట్టుకుని గట్టు మీద కూర్చుంది. నన్ను చూసి లేచి నిలబడింది. క్లాసులో లేచినట్టే. కూర్చోమని సైగ చేశాను.

మరునాడు దవాఖాన ముందు పెద్దమనుషులు కూర్చున్నారు. నష్టం పటేలు ఇవ్వాలా, కాపరి మోయాలా అన్నది పంచాయితీ. పటేలు తన వాదన సూటిగా పెట్టాడు.

"తోలుకొమ్మన్న మాట నిజమే. తర్వాత వద్దన్న మాట గూడ నిజమే. పిల్లతోని చెప్పిన. క్లాసు క్లాసంత ఇన్నది. ఇగ నేనేం జెయ్యాలె, డప్పు గొట్టాల్నా?"

పెద్దమనిషి ఒకాయన పిల్లను అడిగాడు. "చెప్పిండా బిడ్డా?"

తల ఊపింది.

"మరి నువ్వు సారుకు చెప్పి రావద్దా? గమ్మున కూసున్నవా?"

ఆమె నా వైపు చూసింది. అందరూ నా వైపు చూశారు.

"సారూ, పిల్ల నీతోని ఏమన్న చెప్పిందా?"

"ఏం చెప్పలేదు. లేచి నిలబడింది, కూర్చుంది" అన్నాను.

ఆ మాట నా నోట ఎలా వచ్చిందో ఎన్నోసార్లు వెతుక్కున్నాను. ఇంటి ఓనరుకు ఎదురు చెబితే గదులు ఖాళీ చేయమంటాడని భయమా? కావచ్చు. నా పద్ధతికి చెడ్డపేరు వస్తుందనా? కావచ్చు. ఇవన్నీ తర్వాత నేను అతికించుకున్న కారణాలేమో అని కూడా అనిపిస్తుంది. నమ్మండి, నమ్మకపోండి, అన్న క్షణంలో అది నాకు అబద్ధంలా తోచలేదు. మా గదిలో తెలుగులో చెప్పింది చెప్పినట్టు కాదు. ఆ లెక్కన ఆమె ఏమీ చెప్పలేదు. నేనే పెట్టిన ఆట నన్నే అంతలోతుకు తీసుకుపోయిందా, లేక పిరికితనానికి ఆట ముసుగు వేశానా, ఇంతవరకు తేలలేదు.

తండ్రి ఏమైనా అంటాడని ఎదురుచూశాను. ఆయన కర్రతో నేల గీకుతూ ఉండిపోయాడు.

"పిల్ల నోట్లె మాట పెగలకపాయె. పటేలుదేం తప్పున్నది?" అని తేల్చారు. నష్టం కాపరిదే అయింది. పోయేటప్పుడు ఎవరో నవ్వుతూ, "ఇంగ్లీషు సదువని పంపితే గొర్లను తిన్నది" అన్నారు. ఆ మాట నిలిచిపోయింది. ఊళ్లో ఆ పిల్ల "గొర్లను తిన్న పిల్ల" అయింది. తోటిపిల్లలు బడి దగ్గర మే, మే అని అరిచేవారట.

ఆ సాయంత్రం స్నేహితుడు నాతో టీ తాగలేదు. "గోడకు చెవులుంటయంటరు. మన గోడ పలుచన. పిల్ల చెప్పింది నాకు ఇనొచ్చింది" అన్నాడు. "మరి నువ్వెందుకు చెప్పలేదు పంచాయితీలో?" అన్నాను. "నన్నెవరడిగిండ్రు?" అన్నాడు. అది జవాబో కాదో. తర్వాత చాలారోజులు ఇద్దరం టీ తాగాం గాని చెవికి చెయ్యి పెట్టే ఎగతాళి మళ్లీ చేయలేదు.

ఆ పిల్ల వారం తర్వాత తిరిగి వచ్చింది. నేను తెలుగు వినడం మొదలుపెట్టాను. కారణం ఎవరికీ చెప్పలేదు. పదో తరగతి ఆమె బాగానే పాసయింది, నా క్లాసులో మాత్రం మళ్లీ లేచి నిలబడలేదు. నిలబెట్టే ధైర్యం నాకూ రాలేదు. మరుసటి ఏడాది తల్లిదండ్రులు అడగడం మొదలుపెట్టారు. "ఏంది సారూ, నీకు తెలుగొచ్చిందంట?" రోడ్డు అవతల ఇంగ్లీషు తప్ప ఇంకేమీ మాట్లాడనివ్వమని బోర్డు పెట్టుకుని ఇంకొక ట్యూషన్ వెలిసింది. నా పిల్లలు ఒక్కొక్కరే అటు పోయారు. కరోనా వచ్చి మిగిలింది మూయించింది.

ఇదంతా మనసులోనే పాతిపెట్టుకుని పోయేవాణ్నేమో. కిందటి ఏడు మిల్లుకు వడ్లు తెచ్చిన ఒక రైతు, బయట మేకపిల్ల అరిస్తే నవ్వి, "గొర్లను తిన్న పిల్ల వచ్చినట్టుంది" అన్నాడు. ఆ పిల్ల ఎవరో కూడా అతనికి తెలియదు. ఊరిలో అదొక సామెత అయిపోయింది. మరునాడు మిల్లుకు సెలవు పెట్టి గొర్లకాపరి ఇంటికి పోయాను.

ఆయన దొడ్డిలో తడిక కడుతున్నాడు. నిలబడే చెప్పేశాను. ఆ రోజు పిల్ల చెప్పిందని, రెండుసార్లు చెప్పిందని, నేనే విననట్టు చేశానని, పంచాయితీలో ఆడింది తప్పుమాటని.

ఆయన చేతులు ఆగలేదు. "నాకెర్కే సారూ. పిల్ల గా దినమే చెప్పింది" అన్నాడు.

"ఎర్కుంటే పంచాయితీలో ఎందుకనలేదన్నా?"

"నువ్వంటివి గద, ఏం చెప్పలేదని. సారు మాట అబద్ధమని పదిమందిల అంటే, తెల్లారి పిల్లను నీ కాడికి ఎట్ల తోలాలె? పరీక్షలు నెత్తి మీదుండె." తడిక ముడి పళ్లతో బిగించి మళ్లీ అన్నాడు. "గొర్లు మల్ల ఈనుతయ్. పదో తరగతి మల్ల మల్ల వస్తదా?"

ఆయన కోపంగా ఉన్నాడా, లేడా? ముఖం చూసి తెలుసుకునే తెలివి నాకు లేదు. ఆయన తడిక వదిలి నా దగ్గరికి వచ్చాడు. "నువ్వు మల్ల ట్యూషన్ తెరువరాదు సారూ? చిన్నబిడ్డ తొమ్మిదిల ఉన్నది. గా చెవుటి రూలు పెట్టాలె గని. గట్టిగ పెట్టాలె. గప్పుడు పెద్దదానికి ఇంగొన్ని మాటలు వచ్చి ఉంటే ఇంగ్లీషులనే చెప్పేస్తుండె గద. గొర్లు దక్కుతుండె."

నేను క్షమాపణ చెప్పడానికి పోయాను. ఆయన నన్ను మళ్లీ అదే పనికి పిలుస్తున్నాడు. ఆయన లెక్కలో నా తప్పు వినకపోవడం కాదు, సరిపోయేంత నేర్పకపోవడం. అది తప్పు లెక్క అని చెప్పాలి. కానీ "చూద్దాం అన్నా" అన్నాను.

పెద్దబిడ్డ నల్లగొండలో నర్సింగ్ చదువుతోంది. సెలవులకు వచ్చి లోపలే ఉంది. మా మాటలు విని గడపలోకి వచ్చింది. నేను ఆమెతో మళ్లీ మొదటి నుంచి చెప్పబోయాను.

"నాకు చెప్పుడెందుకు సార్? నాకెర్కే గద" అన్నది. గొంతు మెత్తగానే ఉంది. "గా దినం దవాఖాన కాడ కూసున్నోళ్లకు చెప్పుండ్రి."

ఫోన్ నంబరు అడిగి రాసుకున్నాను. అదే రోజు సాయంత్రం దవాఖాన ఎదుటి చాయ్ హోటల్‌కు పోయాను. ఆనాటి పెద్దమనుషుల్లో ఇద్దరు బెంచీ మీద ఉన్నారు. పటేలు కూడా ఉన్నాడు, చూపు తగ్గింది, నన్ను గొంతుతో గుర్తుపట్టాడు. లేచి నిలబడి చెప్పాను. బస్సు హారన్ కొడుతుంటే ఆగి, అది పోయాక మళ్లీ చెప్పాను.

"ఏ గొర్లు?" అన్నాడు ఒకాయన.

రెండో ఆయన గుర్తుచేశాడు. "గదే, మందు తాగి సచ్చినయ్ గద, పటేలు పత్తిల."

"నేనైతే చెప్పిన గద" అన్నాడు పటేలు వెంటనే.

"నువ్వు చెప్పినవ్ పటేలా. ఆ పిల్ల కూడా చెప్పింది. విననిది నేను. పంచాయితీలో తప్పు చెప్పింది నేను. ఆమెను ఇంకా గొర్లను తిన్న పిల్ల అంటున్నారు, అది మానుకోవాలి."

"అంటే ఇప్పుడు నష్టం నువ్విస్తవా ఏంది?" అని మొదటాయన నవ్వాడు. "సరే తియ్ సారూ, అయిపోయిన పెండ్లికి బాజాలెందుకు? కూసో, చాయ్ తాగు." హోటల్‌వాడికి కేకేసి, "ఓ చాయ్ పట్టు, తెలుగు రాని సారుకు" అన్నాడు. అందరూ నవ్వారు. గ్లాసు నా చేతిలో పెట్టారు. తాగాను.

బయటికి వచ్చి రోడ్డు పక్కన నిలబడి ఆమెకు ఫోన్ చేశాను.

"చెప్పాను బిడ్డా."

"ఇన్నరా సార్?"

"చాయ్ తాగమన్నారు" అన్నాను.

ఫోన్ పెట్టేయబోయాను.

"అయితే రేపు మల్ల చెప్పుండ్రి సార్" అన్నది.

మరునాడు మిల్లు నుంచి నేరుగా ఆ చాయ్ హోటల్‌కే పోయాను.